సిట్రేట్ పద్ధతిలో బంగారు నానోకణాలు: ఎరుపు ఎందుకు, మధ్యలో నలుపు ఎందుకు? (ఎమ్మెస్సీ ప్రాజెక్టు, వైవా సందేహాలు)

లావణ్య_గుంటూరు

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం బంగారు నానోకణాలు చేశాను. అందరూ వాడే పద్ధతే. 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆసిడ్ 20 మి.లీ. తీసుకుని బాగా మరిగించి, స్టిర్రర్ తిరుగుతుండగానే 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. ఒకేసారి పోశాను. మొదట లేత పసుపు పోయి నీళ్లలా అయింది. తర్వాత బూడిద రంగు, నీలం, దాదాపు నలుపు. ఆ తర్వాత ఊదా, చివరికి కెంపు రంగు. యూవీ-విజిబుల్‌లో (ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫ్) పీక్ 520 నానోమీటర్ల దగ్గర వచ్చింది.

వైవాలో ఏం అడుగుతారో గైడ్ మేడమ్ ముందే చెప్పారు. ఉంగరంలో పసుపుగా ఉన్న బంగారం ఇక్కడ ఎర్రగా ఎందుకుంది? మధ్యలో నల్లబడటానికి కారణమేంటి? పీక్ చూసి కణం సైజు చెప్పగలమా? నిజంగా వీటిని ఎక్కడ వాడుతున్నారు? పుస్తకాల్లో నాలుగైదు వాక్యాలు దొరుకుతున్నాయి కానీ లోపల ఏం జరుగుతోందో అర్థం కావడం లేదు. కాస్త వివరంగా చెప్పగలరా?

శ్రీను_ఫిజిక్స్

లావణ్య గారూ, మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. ఉంగరం పసుపుకీ, మీ ఫ్లాస్కు ఎరుపుకీ కారణాలు వేరు. రెండూ కలిపి చెబితే ఎగ్జామినర్ అక్కడే ఆపేస్తారు.

ముద్ద బంగారంలో 5డి స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్లు పై బ్యాండ్‌లోకి వెళ్లడానికి సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. నీలం కాంతికి ఆ శక్తి ఉంది. అందుకని లోహం నీలాన్ని పీల్చుకుని మిగతా రంగుల్ని తిప్పికొడుతుంది. మనకు పసుపు కనిపిస్తుంది. వెండిలో ఇదే దూరం ఎక్కువ, అతినీలలోహిత కాంతి దాకా వెళ్తే గానీ పీల్చదు. అందుకే తెల్లగా మెరుస్తుంది.

ఇప్పుడు నానోకణం సంగతి. కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు 400 నానోమీటర్ల పైమాటే, కణమేమో 15 లోపు. అంటే ఏ క్షణంలో చూసినా కణం మొత్తం మీద విద్యుత్ క్షేత్రం ఒకే వైపు ఉంటుంది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక పక్కకు జరుగుతాయి. వెనక మిగిలిన ధనావేశం వాటిని మళ్లీ లాగుతుంది. ఈ ఊగిసలాటకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. వచ్చే కాంతి పౌనఃపున్యం దాంతో సరిపోతే అనునాదం, అదే లోకలైజ్డ్ సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. నీళ్లలో ఉన్న చిన్న బంగారు గోళానికి ఇది 520 దగ్గర పడుతుంది. ఆకుపచ్చ అక్కడ పోయింది, నీలంలో కొంత పైన చెప్పిన 5డి ఎలక్ట్రాన్లు తీసుకున్నాయి, కంటిదాకా వచ్చేది ఎరుపు.

లెక్కగా అడిగితే ఒక్క షరతు చెప్పండి: లోహం డైఎలెక్ట్రిక్ ఫంక్షన్ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు) వాస్తవ భాగం, చుట్టూ ఉన్న మాధ్యమం విలువకు మైనస్ రెండు రెట్లు అయిన చోట అనునాదం. ఇందులో మాధ్యమం కూడా ఉందని గమనించండి. కణం మీద ప్రోటీన్ పొర అంటుకుంటే పీక్ కొన్ని నానోమీటర్లు ఎరుపు వైపు జరుగుతుంది. సెన్సార్లకు మూలం ఇదే. ఏ సైజు గోళానికైనా పూర్తి పరిష్కారం 1908లో గుస్టావ్ మీ ఇచ్చాడు. ఆయన ఆ లెక్క వేసింది కూడా బంగారు ద్రావణాల రంగుల కోసమే.

పాతపుస్తకం

అంతకు ముందే 1857లో ఫారడే దీని మీద లండన్ రాయల్ సొసైటీలో ఉపన్యాసం ఇచ్చాడు. బంగారు లవణాన్ని ఫాస్ఫరస్‌తో క్షయకరణం చేసి కెంపు రంగు ద్రవాలు తయారు చేశాడు. అందులో ఉన్నది లోహ బంగారమేననీ, కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ఉందనీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేని రోజుల్లోనే చెప్పాడు. ఆయన చేసిన సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 4వ శతాబ్దపు రోమన్ లైకర్గస్ కప్పు గురించి కూడా చదవండి. బయట నుంచి వెలుతురు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. గాజులో బంగారం, వెండి కలిసిన నానోకణాలు ఉన్నాయి. చేసినవాళ్లకు అది నానో అని తెలియకపోవచ్చు, పనితనం మాత్రం అద్భుతం.

ల్యాబ్_భాస్కర్

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, రోజూ ఇదే పని. రెండో ప్రశ్నకు నేను రాస్తాను.

సిట్రేట్ మీ ఫ్లాస్కులో కనీసం రెండు పనులు చేస్తోంది. ఎలక్ట్రాన్లు ఇచ్చి బంగారు అయాన్‌ని లోహంగా మారుస్తుంది. ఏర్పడిన కణం మీద అంటుకుని రుణావేశం ఇస్తుంది, ఆ ఆవేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిగా ఉంటాయి. ఇవి కాక మూడోది చాలామంది మరిచిపోతారు: ద్రావణం పీహెచ్‌ని కూడా సిట్రేటే పెంచుతుంది. పీహెచ్ పెరిగితే బంగారం చుట్టూ ఉన్న క్లోరైడ్ల స్థానంలో హైడ్రాక్సైడ్లు వచ్చి, అయాన్ అంత తేలిగ్గా క్షయకరణం చెందదు. ఇది సైజు మీద ప్రభావం చూపిస్తుంది.

పద్ధతి 1951లో టర్కెవిచ్, ఆయన సహచరులు ఇచ్చింది. 1973లో ఫ్రెన్స్ సిట్రేట్ తగ్గిస్తే కణాలు పెద్దవవుతాయని చూపించాడు. మీరు వాడిన పాళ్లు చూస్తే బంగారం 20 మైక్రోమోల్స్, సిట్రేట్ సుమారు 68. అంటే 3.4 రెట్లు. 13 నుంచి 15 నానోమీటర్ల మధ్య రావాలి. ఇదే దారిలో సిట్రేట్ తగ్గించుకుంటూ పోయి 50 దాటించాలని చూడకండి, కణాలు గుండ్రంగా రావు, సైజులు కూడా ఒకదానికొకటి పొంతన ఉండదు. పెద్దవి కావాలంటే చిన్న కణాల్ని విత్తనాలుగా పెట్టి వాటిమీదే బంగారం పెంచాలి.

ఇక నలుపు. పాత వివరణ ప్రకారం మొదట పుట్టిన బుల్లి కణాలు గొలుసులుగా, సన్నని తీగల వలగా కలుస్తాయి. సిట్రేట్ పట్టు పెరిగే కొద్దీ ఆ తీగలు తెగి గోళాలవుతాయి. టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫొటోల్లో తీగలు కనిపించాయి కూడా. కానీ ఫ్లాస్కులో చర్య నడుస్తుండగానే ఎక్స్-రే స్కాటరింగ్‌తో చూసినవాళ్లకు ఆ తీగలు దొరకలేదు. టెమ్ గ్రిడ్ మీద చుక్క ఆరేటప్పుడు అవి ఏర్పడి ఉంటాయనీ, ద్రావణంలో మాత్రం ఇంకా మిగిలిన బంగారు అయాన్లు కణాల ఉపరితలం మీద చేరి వికర్షణను తగ్గించడం వల్ల కణాలు కాసేపు దగ్గరగా వచ్చి రంగు మారుతుందనీ వాళ్ల వాదన. నాకు రెండోదే సరిగా అనిపిస్తుంది. ఎందుకంటే గ్రిడ్ ఆరబెట్టడంలో ఏమైనా జరగొచ్చు, ఎక్స్-రే చూసింది ద్రావణాన్నే. వైవాలో రెండూ చెప్పి, ఏది ఎందుకు నమ్ముతున్నారో చెప్పండి.

గాజు సామాను సంగతి కూడా. ముందు ఆక్వా రీజియాతో కడగాలి, మూడు వంతులు హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, ఎసిటోన్ లాంటి సాల్వెంట్లు దరిదాపుల్లో ఉండకూడదు, వాడేసినదాన్ని మూత బిగించిన సీసాలో పెట్టకూడదు. క్లోరోఆరిక్ ఆసిడ్ తూచేటప్పుడు స్టీల్ స్పాచులా వద్దు, లోహాన్ని తినేసి అక్కడే బంగారం దిగిపోతుంది. ప్లాస్టిక్‌దో గాజుదో వాడండి.

లావణ్య_గుంటూరు

భాస్కర్ గారూ, చాలా థ్యాంక్స్. పీహెచ్ సంగతి మా నోట్స్‌లో ఎక్కడా లేదు. సైజు ప్రశ్న మాత్రం ఇంకా మిగిలింది. పీక్ 520 కాబట్టి 13 నానోమీటర్లు అని రాయొచ్చా?

లెక్కల_రమణ

అలా రాయకండమ్మా. 10 నుంచి 20 నానోమీటర్ల మధ్య పీక్ జరిగేది ఒకటి రెండు నానోమీటర్లే, మీ స్పెక్ట్రోమీటర్ తప్పు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. 100 నానోమీటర్ల కణానికి పీక్ 570 దగ్గరకు వెళ్తుంది, అక్కడ తేడా స్పష్టం. చిన్న కణాలకు మెరుగైన దారి, పీక్ దగ్గరి అబ్జార్బెన్స్‌ని 450 దగ్గరి అబ్జార్బెన్స్‌తో భాగించడం. ఈ నిష్పత్తి సైజుతో పాటు మారుతుంది, ప్రచురించిన పట్టికలున్నాయి. తుది మాట టెమ్‌దే. డీఎల్ఎస్ (కాంతి చెదరడాన్ని బట్టి సైజు కొలిచే పద్ధతి) పెడితే అది కణంతో పాటు చుట్టూ ఉన్న సిట్రేట్, నీటి పొరను కూడా కొలుస్తుంది కాబట్టి పెద్ద అంకె చూపిస్తుంది. కంగారు పడకండి.

మీ పాళ్లతో చిన్న లెక్క చేశాను, వైవాలో పనికొస్తుంది. బంగారంలో ఘన నానోమీటరుకు 59 పరమాణువులు. 13 నానోమీటర్ల గోళం ఘనపరిమాణం సుమారు 1,150 ఘన నానోమీటర్లు. అంటే ఒక్కో కణంలో దాదాపు 68,000 పరమాణువులు. మీ 22 మి.లీ.లో బంగారం మొత్తం కణాలుగా మారిందనుకుంటే గాఢత సుమారు 13 నానోమోలార్, మిల్లీలీటరుకు 8 లక్షల కోట్ల కణాలు. ఈ సైజు కణానికి, కాంతిని ఎంత బలంగా ఆపుతుందో చెప్పే మోలార్ ఎక్స్‌టింక్షన్ 2.7 × 10⁸. ఒక సెంటీమీటరు క్యువెట్‌లో అబ్జార్బెన్స్ 3.6 వస్తుంది. అంత ఎక్కువ దగ్గర పరికరం సరిగా కొలవదు, కాబట్టి నాలుగైదు రెట్లు పలచన చేసి తీయండి. మామూలు రంజక ద్రవ్యాల ఎక్స్‌టింక్షన్ 10⁵ దగ్గర ఉంటుంది. ఇక్కడ దానికి వెయ్యి రెట్ల పైన! ఫ్లాస్కు మొత్తంలో ఉన్న బంగారం 4 మిల్లీగ్రాములు కూడా లేదు, అయినా అంత రంగు.

మాస్టారు_పాలకొల్లు

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. టిండాల్ ప్రభావం (ద్రవంలోని కణాలు చెదరగొట్టడం వల్ల కాంతి దారి కనబడటం) చూపించడానికి ఎప్పుడూ పాలు కలిపిన నీళ్లే వాడతాం. ఎవరైనా చేసిన బంగారు ద్రావణం తెచ్చుకుంటే లేజర్ పాయింటర్‌తో చూపించవచ్చా?

శ్రీను_ఫిజిక్స్

చూపించవచ్చు మాస్టారూ, కానీ ఎరుపు లేజర్ తీసుకోండి. ఆకుపచ్చ పాయింటర్ 532 నానోమీటర్లు, అంటే సరిగ్గా ప్లాస్మాన్ పీక్ పక్కనే. ద్రావణం చిక్కగా ఉంటే ఒక సెంటీమీటరు దాటేలోపే దాదాపు మొత్తం పీల్చేసుకుంటుంది. 650 నానోమీటర్ల ఎరుపు అవతలికి దూసుకెళ్తుంది, దారి కనబడుతుంది. పక్కన కాపర్ సల్ఫేటో, ఉప్పునీళ్లో పెట్టి వాటిలో దారి కనబడదని చూపిస్తే పిల్లలకు తేడా తెలుస్తుంది. రెండు లేజర్లూ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి వేయండి, పాఠం రెండింతలవుతుంది. పిల్లల కళ్ల వైపు మాత్రం పోనివ్వకండి.

ఒక విషయం: కాంతిని చెదరగొట్టడం వ్యాసార్ధం ఆరో ఘాతంతో పెరుగుతుంది, పీల్చుకోవడం మూడో ఘాతంతో. అందుకే 13 నానోమీటర్ల కణాల్లో పీల్చుకోవడమే ఎక్కువ, దారి మసగ్గా ఉంటుంది. 80, 100 నానోమీటర్ల కణాలైతే ద్రావణమే పక్క నుంచి చూస్తే మబ్బుగా కనిపిస్తుంది.

కిట్_ఇంజనీర్

వాడకం గురించి నేను రాస్తాను. రాపిడ్ టెస్ట్ కిట్లు తయారు చేసే చోట పని చేస్తున్నాను. నా ఉద్దేశంలో బంగారు నానోకణాలకు ఇవాళ్టికి అతి పెద్ద, నిజమైన ఉపయోగం ఇదే. జనం రోజూ చేత్తో పట్టుకుంటున్నారు, అందులో బంగారం ఉందని తెలియదు.

ప్రెగ్నెన్సీ స్ట్రిప్ తీసుకోండి. మూత్రం చుక్క పడిన చోటికి పక్కనే ఒక ప్యాడ్ ఉంటుంది. అందులో హెచ్‌సీజీ హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీలు అంటించిన బంగారు కణాలు ఎండబెట్టి ఉంటాయి. చుక్క వాటిని కరిగించుకుని నైట్రోసెల్యులోజ్ పొర మీదుగా ముందుకు లాక్కెళ్తుంది. టీ (టెస్ట్) గీత దగ్గర అదే హార్మోన్‌ని ఇంకో చోట పట్టుకునే రెండో యాంటీబాడీ కాచుకుని ఉంటుంది. హార్మోన్ ఉంటే దాన్ని మధ్యలో పెట్టుకుని బంగారం అక్కడ ఆగిపోతుంది, గీత ఎర్రబడుతుంది. లేకపోతే బంగారం టీ దాటిపోయి సీ (కంట్రోల్) గీత దగ్గర మాత్రమే ఆగుతుంది. సీ గీత రాకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు. కోవిడ్ యాంటిజెన్ టెస్ట్ కూడా చాలా కిట్లలో ఇదే అమరిక, హార్మోన్ బదులు వైరస్ న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్.

ఇక్కడ ఎక్కువగా వాడే సైజు 40 నానోమీటర్లు. లావణ్య గారి 13 అయితే ఒక్కో కణం ఇచ్చే రంగు తక్కువ, గీత పాలిపోతుంది. మరీ పెద్దవైతే నిలకడ తగ్గుతుంది, పొరలో నెమ్మదిగా కదులుతాయి. యాంటీబాడీ అంటించడం అసలు కష్టమైన భాగం. పీహెచ్ ఆ యాంటీబాడీ ఐసోఎలక్ట్రిక్ పాయింట్‌కి (దాని మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కాస్త పైన ఉండాలి. ఎంత యాంటీబాడీ కావాలో తెలుసుకోవడానికి పాత పరీక్షే ఇప్పటికీ చేస్తాం: వరసగా ట్యూబుల్లో యాంటీబాడీ పెంచుకుంటూ వెళ్లి, అన్నింటిలో 10 శాతం ఉప్పు ద్రావణం కలుపుతాం. యాంటీబాడీ చాలని ట్యూబులు నీలంగా మారతాయి, సరిపోయినవి ఎర్రగానే ఉంటాయి. ఎర్రగా నిలిచిన మొదటి ట్యూబు మన అంకె, దానికి కొంచెం పైన పెట్టుకుంటాం. తర్వాత మిగిలిన ఖాళీల్ని బీఎస్ఏ అనే ప్రోటీన్‌తో కప్పేస్తాం.

పరికరం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కంటికి కనిపించేంత రంగు ఇవ్వడం, ఆ రంగు వెలిసిపోకపోవడం, ఈ రెండే బంగారాన్ని ఇక్కడ నిలబెట్టాయి.

నాగమణి_ఎ

కోవిడ్ కిట్‌లో ఆ గీత బంగారమా! ఇన్నాళ్లూ ఏదో రంగు అనుకున్నాను.

వైద్యం_వెంకట్

మన స్వర్ణభస్మం కూడా నానో బంగారమే కదా? ఆ లెక్కన మన పూర్వీకులు నానోమెడిసిన్ ఎప్పుడో చేశారన్నమాట. నానో గోల్డ్ వాటర్, ఫేస్ క్రీములు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, వాడొచ్చా?

ల్యాబ్_భాస్కర్

వెంకట్ గారూ, స్వర్ణభస్మాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు నానో పరిమాణం స్ఫటికాలు కనిపించాయని ప్రచురణలున్నాయి. అది నిజమే. అయితే అవి గుంపులుగా అతుక్కుని ఉన్న పొడి, నీళ్లలో విడివిడిగా తేలే కణాలు కావు. నానో సైజులో ఉందని తేలడం ఒకటి, రోగం తగ్గిస్తుందని తేలడం మరొకటి. రెండోదానికి రోగుల మీద సరైన ట్రయల్స్ కావాలి. కీళ్లవాతానికి డాక్టర్లు గతంలో ఇచ్చిన ఆరనోఫిన్ లాంటివి బంగారు సమ్మేళనాలు, నానోకణాలు కావు. అది చూపించి బంగారు నీళ్లు అమ్మడం సరికాదు. లోపల ఏముందో, ఎంతుందో తెలియని సీసా తాగొద్దని గట్టిగా చెబుతాను.

వాసు_హ్యూస్టన్

క్యాన్సర్ వైపు మాట రాలేదు. ఇక్కడ రైస్ యూనివర్సిటీలో నయోమి హలాస్, జెన్నిఫర్ వెస్ట్ మొదలుపెట్టిన పని చాలా ఆసక్తికరం. సిలికా గోళం మీద పలచని బంగారు పెంకు వేస్తే, పెంకు మందం మార్చి ప్లాస్మాన్ పీక్‌ని 800 దాకా లాగవచ్చు. శరీర కణజాలం 650 నుంచి 900 మధ్య కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, కాబట్టి లేజర్ లోపలికి వెళ్లి పెంకుల్ని వేడెక్కిస్తుంది, చుట్టూ ఉన్న క్యాన్సర్ కణాలు చనిపోతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మంది మీద చేసిన తొలి ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి.

నానోరాడ్లతోనూ పీక్‌ని అక్కడికి తేవచ్చు. కడ్డీకి రెండు పీకులుంటాయి. అడ్డంగా ఊగేది 520 దగ్గరే ఉంటుంది, నిలువుగా ఊగేది కడ్డీ పొడవు-వెడల్పు నిష్పత్తితో పాటు ఎరుపు వైపు వెళ్తుంది.

ల్యాబ్_భాస్కర్

వాసు అన్నా, నానోరాడ్ల గురించి ప్రయోగశాల మాట ఒకటి కలుపుతాను. వాటిని పెంచే ద్రావణంలో వాడే సబ్బు లాంటి రసాయనం సీటాబ్ 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ గదిలో ఫ్లాస్కు పెడితే స్ఫటికాలు దిగి బ్యాచ్ పాడవుతుంది, 27 నుంచి 30 మధ్య వాటర్ బాత్‌లో ఉంచాలి. పైగా సీటాబ్ జీవకణాలకు విషం, పెగ్-థయోల్‌తో మార్చనిదే వైద్యానికి పనికిరాదు.

క్యాన్సర్ మీద ఆశ పెట్టుకోవడం మంచిదే కానీ ఒక అంకె గుర్తుంచుకోవాలి. 2016లో టొరంటో బృందం అంతకు ముందు పదేళ్లలో వచ్చిన ప్రచురణలు వెతికి తేల్చింది ఇదీ: రక్తంలోకి ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతావి ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. థీసిస్ ముందుమాటలో ‘క్యాన్సర్ చికిత్సకు’ అని రాసే ప్రతివాళ్లూ ఈ అంకె కూడా రాయాలి.

ఆకుపచ్చ_అనిత

నాది మొక్కల రసంతో చేసే గ్రీన్ సింథసిస్. 2004లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్‌లో మురళి శాస్త్రి బృందం నిమ్మగడ్డి రసంతో త్రిభుజాకారపు బంగారు పలకలు చేసింది. అది కూడా లావణ్య గారి జాబితాలో ఉండాలి. విషపు రసాయనాలు లేవు, ఖర్చు తక్కువ.

లెక్కల_రమణ

అనిత గారూ, ఆ పని గొప్పదే. వాళ్లు ఒక కొత్త ఆకారం చూపించి, అది దగ్గరి పరారుణ కాంతిని పీల్చుకుంటుందని కొలిచి చూపించారు. దాని వెనక వచ్చినవాటిలో చాలావాటితోనే నా గొడవ. ఆకు మారుస్తారు, 540 దగ్గర ఒక పీక్, బ్యాక్టీరియా ప్లేటు మీద ఒక వలయం, ప్రచురణ అయిపోతుంది. ఏ అణువు క్షయకరణం చేసిందో తెలియదు. వేసవి ఆకుకీ వానాకాలం ఆకుకీ రసం ఒకటి కాదు. ఇంకొకరు చేస్తే అదే సైజు రాదు. మరి సిట్రేట్ ఏమైనా విషమా? నిమ్మ ఉప్పే కదా, ఖర్చంతా బంగారానిదే.

ఆకుపచ్చ_అనిత

ఆ విమర్శ నేనూ ఒప్పుకుంటాను. అందుకే మా ల్యాబ్‌లో ఇప్పుడు రసం మొత్తం కాకుండా, అందులోంచి వేరు చేసిన ఒక్కో పాలీఫినాల్‌తో విడిగా చేస్తున్నాం. ఏది ఎంత వేగంగా పని చేస్తోందో అప్పుడు కొలవగలుగుతున్నాం.

లావణ్య_గుంటూరు

కిట్ ఇంజనీర్ గారు చెప్పిన ఉప్పు పరీక్ష చేశాను. మామూలు సోడియం క్లోరైడ్ ద్రావణం కొన్ని చుక్కలకే ఎరుపు పోయి నీలం వచ్చింది. 520 పీక్ తగ్గి 650 చుట్టూ వెడల్పాటి గుట్ట లేచింది. నీళ్లు పోసి పలచన చేసినా ఎరుపు తిరిగి రాలేదు. ఇది ఎప్పటికీ రాదా? ఇంకోటి, వైవా దాకా మిగతా ద్రావణం ఎలా దాచాలి?

శ్రీను_ఫిజిక్స్

ఉప్పు అయాన్లు కణాల రుణావేశాన్ని కప్పేశాయి. వికర్షణ తగ్గగానే వాండర్ వాల్స్ ఆకర్షణ గెలిచి కణాలు అతుక్కున్నాయి. దగ్గరికి వచ్చిన కణాల ప్లాస్మాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేసి పీక్‌ని ఎరుపు వైపు లాగాయి, అందుకే ద్రావణం నీలం. సిట్రేట్ కణాలు అలా అతుక్కున్నాక సాధారణంగా విడిపోవు. విడిపోయేలా కూడా చేయొచ్చు: 1996లో చాడ్ మిర్కిన్ బృందం కణాలకు డీఎన్ఏ పోగులు తగిలించి, జత పోగుతో దగ్గరికి తెచ్చింది. రంగు మారింది. వేడి చేసి జతను విడదీస్తే మళ్లీ ఎరుపు. బంగారు కణాలతో డీఎన్ఏ గుర్తించే రంగు పరీక్షలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. మీ రెండు స్పెక్ట్రాలూ ఒకే గ్రాఫ్ మీద వేసి చూపించండి, వైవాలో సగం ప్రశ్నలకు అదే జవాబు.

ల్యాబ్_భాస్కర్

దాచడానికి: శుభ్రమైన గాజు సీసా, వెలుతురు తగలకుండా, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే కణాలు అతుక్కుపోతాయి, కరిగించినా తిరిగి రావు. తీసేటప్పుడు పిపెట్‌ని సీసాలో నేరుగా ముంచకుండా కొంచెం వేరే ట్యూబులోకి వంచుకోండి. వైవా రోజు ఉదయం ఒకసారి స్పెక్ట్రమ్ తీసి పాతదాంతో పోల్చండి. 520 అలాగే ఉండి, 650 దగ్గర గీత నేల మీదే ఉంటే ద్రావణం బాగున్నట్టే.

లావణ్య_గుంటూరు

అలాగే చేస్తాను. టెమ్ స్లాట్ వచ్చే వారం దొరికింది, ఫొటోలు రాగానే 450 నిష్పత్తితో లెక్కగట్టిన సైజు పక్కన పెట్టి ఇక్కడే పోస్ట్ చేస్తాను.